బోర్డు వెనక మూడు తీగలు

చెల్లీ, మీ గీజరు ప్లగ్గు ఎప్పుడైనా చేతిలోకి తీసుకుని చూశావా? కింది రెండు పిన్నులూ ఒకేలా ఉంటాయి. పైనున్న మూడోది మాత్రం వాటికంటే లావు, వాటికంటే పొడుగు. అలా ఎందుకు చేశారో నీకు ఎవరైనా చెప్పారా? మిక్సీ, గ్రైండరు, ఇస్త్రీపెట్టె, వాషింగ్ మిషను, నీళ్ల మోటారు... పొద్దున లేచింది మొదలు తడిచేతులతో కరెంటు చుట్టూ తిరిగేది మనమే. పప్పు ఎంత ఉడకాలో, పసిపిల్లకి జ్వరం ఎంతుంటే భయపడాలో అమ్మ చెప్పింది, అత్తగారు చెప్పారు. గోడలో ఉన్న ఈ కరెంటు సంగతి మాత్రం మగవాళ్ల లెక్కలోకి వెళ్లిపోయింది. పోనీ వాళ్లకైనా తెలుసా అంటే, చాలామందికి ఫ్యూజు వేయడం వరకే. అందుకే ఇవాళ వంటలూ చీరలూ పక్కనపెట్టి ఈ ముచ్చట ఎత్తుకున్నాను. కాస్త ఓపిగ్గా విను, నీ ప్రాణానికీ నీ పిల్లల ప్రాణానికీ సంబంధించిన మాట.

మన ఇంటికొచ్చేది ఏసీ కరెంటు. టార్చిలైటు బ్యాటరీలో ఉండేది డీసీ. డీసీ ఎప్పుడూ ఒకవైపుకే నడుస్తుంది, ఏసీ ముందుకీ వెనక్కీ ఊగుతుంది. మజ్జిగ చిలికేటప్పుడు కవ్వానికి చుట్టిన తాడు చూశావుగా? కుడిచెయ్యి లాగితే ఇటు, ఎడమచెయ్యి లాగితే అటు. తాడు ఎక్కడికీ పోదు, ఆ రెండు చేతుల మధ్యే ఉంటుంది, అయినా వెన్న పడుతుంది. తీగలోని ఎలక్ట్రాన్లూ అంతే. సెకనుకి 50 సార్లు ముందుకెళ్లి వెనక్కొస్తాయి, అంటే సెకనులో 100 సార్లు దిక్కు మార్చుకుంటాయి. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్ అని మిషన్ల మీద రాస్తారే, అది ఇదే.

రామగుండంలోనో విజయవాడ థర్మల్ దగ్గరో బయల్దేరిన ఎలక్ట్రాన్లు ప్రయాణం చేసి మన ఫ్యానులోకి వస్తాయని చాలామంది అనుకుంటారు. రావమ్మా. ఒక ఫ్యాను తిరుగుతున్నప్పుడు దాని తీగలో ఎలక్ట్రాన్ ఊగే దూరం తలవెంట్రుక మందంలో వందో వంతు కూడా ఉండదు. మన గోడలోని రాగితీగలో ఉన్నవి అక్కడే ఉంటాయి. అంత దూరం నుంచి వచ్చేది ఆ ఊపు ఒక్కటే. అదైతే కాంతితో పోటీపడేంత వేగంగా వస్తుంది. స్విచ్ నొక్కీ నొక్కకముందే లైటు వెలిగేది అందుకే.

ఆ ఊపు పుట్టే తీరు తెలిస్తే నీకూ ముచ్చటేస్తుంది. బొగ్గు మండించి నీళ్లని ఆవిరి చేసి టర్బైన్ తిప్పుతారు. దాని ఇరుసుకే ఒక పెద్ద విద్యుదయస్కాంతం ఉంటుంది. చుట్టూ రాగి చుట్లు పేర్చి ఉంటే, వాటి మధ్య అది నిమిషానికి 3000 సార్లు, అంటే సెకనుకి సరిగ్గా 50 సార్లు తిరుగుతుంది. ఉత్తరధ్రువం పక్కనుంచి పోయినప్పుడు తీగలో కరెంటు ఒకవైపు తోసుకుంటుంది, దక్షిణధ్రువం పోయినప్పుడు రెండోవైపు. కదిలే అయస్కాంతం తీగలో కరెంటు పుట్టిస్తుందని మైకేల్ ఫారడే 1831లో కనిపెట్టిన సూత్రమే ఇదంతా. ఇంకో విశేషం విను. 2013 డిసెంబర్ 31న రాయచూర్–షోలాపూర్ మధ్య 765 కిలోవోల్టుల లైను కలిపాక మన దక్షిణాది గ్రిడ్డు కూడా మిగతా దేశంతో ఒకటైంది. అప్పటినుంచి మన కొత్తగూడెంలో తిరిగే యంత్రమూ, ఎక్కడో పంజాబ్‌లో తిరిగే యంత్రమూ ఒకే లయలో తిరగాలి. ఒకటి లయ తప్పితే గ్రిడ్డు దాన్ని పక్కకి తప్పించేస్తుంది. ఇంత పెద్ద దేశం సెకనుకి 50 సార్లు కలిసి ఊగడం నాకు ఎప్పుడు తలుచుకున్నా ఒళ్లు పులకరిస్తుంది.

మరి ఈ ఊగులాట ఎందుకు, హాయిగా డీసీయే పంపొచ్చుగా అంటావేమో. మొదట అలాగే పంపారు. 1882లో న్యూయార్క్‌లో ఎడిసన్ పెట్టిన స్టేషను డీసీదే. మైలు దూరం దాటేసరికి చాలా శక్తి తీగల్లోనే వేడిగా మారి పోయేది. వోల్టేజీ పదింతలు పెంచి పంపితే, అదే శక్తికి పదో వంతు కరెంటు చాలు, తీగల్లో పోయే నష్టం నూరో వంతుకి పడిపోతుంది. అలా పెంచడానికీ, ఇంటి దగ్గర మళ్లీ తగ్గించడానికీ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. ట్రాన్స్‌ఫార్మర్ ఊగే కరెంటుతోనే పనిచేస్తుంది, డీసీ ఇస్తే మూగనోము పడుతుంది. టెస్లా, వెస్టింగ్‌హౌస్ ఏసీ పక్షాన నిలబడి గెలిచింది ఈ బలంతోనే. మన పక్కనే చూసుకో, 1902లోనే కావేరి మీది శివసముద్రం నుంచి కోలారు బంగారు గనులకి దాదాపు 150 కిలోమీటర్లు ఏసీ కరెంటు పంపారు. మన చిత్తూరు వైపు నుంచి పొట్టచేత పట్టుకుని ఆ గనుల్లోకి వెళ్లిన వాళ్లెందరో! దేశంలో చాలా పట్నాలకి దీపం రాకముందే ఆ గనుల్లోకి కరెంటు వచ్చింది.

సరే, ఇక మన వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి రా. అసలు కథ అక్కడే. పైనుంచి 11,000 వోల్టులు దిగుతుంది. కింద మూడు ఫేజులూ, ఒక న్యూట్రలూ బయటికొస్తాయి. ఆ న్యూట్రల్‌ని అక్కడే భూమిలోకి పాతేస్తారు. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే మిగతాదంతా నీకు నువ్వే అల్లుకోగలవు. న్యూట్రల్ భూమికి కట్టేసి ఉంది కాబట్టి దాని వోల్టేజీ సున్నాకి దగ్గరగా ఉంటుంది. ఫేజు మాత్రం భూమికి ఇటూ అటూ ఊగుతూ ఉంటుంది. 230 వోల్టులు అంటాం కానీ అది లెక్కకోసం తీసిన సగటులాంటిది, అంత డీసీ ఇచ్చే వేడిని ఇస్తుందని అర్థం. ఊపు కొసకి వెళ్లినప్పుడు 325 వోల్టులదాకా పోతుంది.

ఫేజు నుంచి బయల్దేరిన కరెంటు ఏదో దారిన ఆ ట్రాన్స్‌ఫార్మర్‌కే తిరిగి చేరాలి. బల్బులోంచి పోయి న్యూట్రల్ తీగలో వెనక్కి వెళితే దీపం వెలిగింది. నీ వేలిలోంచి, గుండెలోంచి, చెప్పుల్లేని పాదాల్లోంచి నేలలోకి దిగి, ఆ నేల గుండా ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరి పాతిన తీగకి చేరితే షాకు కొట్టింది. న్యూట్రల్ పట్టుకుంటే మామూలుగా కొట్టదు, ఫేజు పట్టుకుంటే కొడుతుంది, కారణం ఇదే. టెస్టరు ఫేజు దగ్గర వెలుగుతుంది, న్యూట్రల్ దగ్గర వెలగదు, అదీ ఇందుకే. టెస్టరులో ఒక పెద్ద నిరోధం పెట్టి, చీమ కుట్టినంత కూడా తెలియని పిసరు కరెంటుని నీ ఒంట్లోంచి పోనిస్తారు. ప్లాస్టిక్ కుర్చీ ఎక్కి పట్టుకున్నా వెలుగుతుంది, ఊగే కరెంటుకి తాకకుండా కూడా కొంచెం దాటిపోయే గుణం ఉంది. అయితే టెస్టరు వెలగలేదు కదా అని ధైర్యం చేసి తీగ పట్టుకోకు. లోపల బల్బు పాడై ఉండొచ్చు. ముందు కరెంటున్న చోట వెలుగుతుందో లేదో చూసుకున్నాకే దాని మాట నమ్మాలి.

స్విచ్ ఎప్పుడూ ఫేజు తీగలోనే ఉండాలి. కొందరు తొందరపాటు మేస్త్రీలు న్యూట్రల్‌లో పెట్టేస్తారు. లైటు మామూలుగానే వెలుగుతుంది, ఆరుతుంది, తేడా తెలియదు. కానీ ఆర్పినప్పుడు కూడా హోల్డరులో ఫేజు అలాగే కాచుకుని ఉంటుంది. బల్బు మార్చబోయి వేలు తగిలిందా, అంతే. స్విచ్ ఆర్పాక కూడా ఎల్ఈడీ బల్బు మినుకుమినుకుమంటుంటే అది ఒక అనుమానం. ఒక్కోసారి పక్కపక్క తీగల వల్ల కూడా అలా జరుగుతుంది, కానీ ఎలక్ట్రీషియన్‌ని పిలిచి చూపించు. సాకెట్టుకి ఎదురుగా నిలబడితే కుడివైపు రంధ్రం ఫేజు, ఎడమవైపు న్యూట్రల్, పైది ఎర్తు.

ఇప్పుడు ఆ మూడో పిన్ను. ఫ్రిజ్, వాషింగ్ మిషను, గీజరు, కూలరు... వీటన్నిటికీ ఇనప ఒళ్లు. లోపల తీగ తొడుగు చితికిపోయి ఫేజు ఆ ఇనుముకి తగిలిందనుకో, మిషను ఏమీ ఎరగనట్టు నడుస్తూనే ఉంటుంది. ఒళ్లంతా 230 వోల్టులు. తడికాళ్లతో వెళ్లి తలుపు తెరిచేది నువ్వే కదా! ఎర్తు తీగ ఆ ఇనప ఒంటికి కట్టి ఉంటే, కరెంటు నీకోసం ఆగకుండా ఆ తీగలోంచి భూమిలోకి దూకేస్తుంది. పిన్ను పొడుగ్గా ఉండటానికి కారణం, ప్లగ్గు పెట్టేటప్పుడు అది అందరికంటే ముందు తగలాలి, పీకేటప్పుడు అందరికంటే చివర విడిపోవాలి. లావుగా ఉండటం ఎందుకంటే పొరపాటున కూడా ఫేజు రంధ్రంలో దూరకూడదని. చాలా సాకెట్లలో కింది రెండు రంధ్రాలకీ చిన్న తలుపులు ఉంటాయి, పై పిన్ను దూరితేనే అవి తెరుచుకుంటాయి. పిల్లలు మేకు గుచ్చకుండా చేసిన ఏర్పాటు అది. మనం ఏం చేస్తాం? పై రంధ్రంలో పుల్ల పెట్టి తలుపులు తెరిచి, టూపిన్ ప్లగ్గు దూర్చేస్తాం. దయచేసి ఆ పని మానెయ్ తల్లీ. మూడు పిన్నుల మిషనుకి పై పిన్ను విరగ్గొట్టి రెండు పిన్నుల సాకెట్టులో పెట్టేవాళ్లనీ చూశాను. నాకు వాళ్ల మీద కోపం రాదు, భయమేస్తుంది.

ఫ్రిజ్ తలుపు ముట్టుకుంటే జిల్లుమంటోందా? "అదెప్పుడూ అంతే, చెప్పులేసుకో" అని మీ ఆయన అంటే ఒప్పుకోకు. ఎర్తు లేదనో, తెగిందనో అది చెబుతున్న మాట. ఎండాకాలం ఇనప కూలర్లలో నీళ్లు పోస్తూ షాకు కొట్టి పోయిన వాళ్ల వార్త రాని ఏడాది లేదు. నడుస్తున్న కూలరులో నీళ్లు పోయొద్దు, ప్లగ్గు పీకాకే పొయ్యాలి. నీళ్లు కాచే రాడ్డుకీ అదే నియమం, బకెట్టులో చెయ్యి పెట్టి వేడి చూడబోయే ముందు ప్లగ్గు బయటికి రావాలి. ఇక దండెం. ఇనప తీగతో దండెం కట్టి, దాని కొస కరెంటు స్తంభానికో, సర్వీసు తీగ ఆనుకున్న పైపుకో కడతారు. తీగ తొడుగు ఎండకి చిట్లి దండేనికి తాకుతుంది. తడిబట్ట ఆరేయడానికి చెయ్యెత్తిన ఆడమనిషి పడిపోతుంది, లేపబోయిన భర్తా పడిపోతాడు. మన రెండు రాష్ట్రాల్లోనూ వానాకాలం వస్తే ఈ వార్తే. దండేనికి నైలాన్ తాడు కట్టు. ఇనప తీగ ఉంటే ఇవాళే విప్పెయ్.

నీకొక సందేహం రావాలి: మెయిన్ బోర్డులో ఎంసీబీలు ఉన్నాయిగా, షాకు కొడితే అవి పడిపోవా? పడిపోవు. నాకు అన్నిటికంటే బాధ కలిగించే అపోహ ఇదే. ఫ్యూజుగానీ ఎంసీబీగానీ కాపాడేది తీగల్ని. షార్ట్ సర్క్యూట్ అయినా, మోయలేనంత లోడు పడినా తీగ కాలి ఇల్లు అంటుకోకుండా కట్ చేస్తాయి. 16 యాంపియర్ల ఎంసీబీ 16 దాటితేనే ఆలోచిస్తుంది. తడిసిన ఒంటికి నిరోధం వెయ్యి ఓములదాకా పడిపోతుంది. 230ని వెయ్యితో భాగించు, 0.23 యాంపియరు. ఎంసీబీ లెక్కలో అదో చిన్న దీపం. మనిషికి? ఒక మిల్లీ యాంపియరుకి జివ్వుమంటుంది. పది దాటితే కండరాలు బిగుసుకుపోయి పట్టుకున్నది వదలలేం. ముప్పై దాటి కాసేపు ఛాతీ మీదుగా పోతే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. 0.23 యాంపియరు అంటే 230 మిల్లీ యాంపియర్లు, చూసుకో మరి.

మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ. పాత మేస్త్రీలు ఈఎల్‌సీబీ అంటారు. దాని పని ఎంత తెలివైనదో! ఫేజు, న్యూట్రల్ రెండు తీగల్నీ ఒక ఇనప ఉంగరంలోంచి పోనిస్తారు. ఫేజులో ఎంత కరెంటు ఒకవైపు ఊగితే, న్యూట్రల్‌లో అంతే కరెంటు అదే క్షణంలో రెండోవైపు ఊగుతుంది. రెండూ ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి, ఉంగరానికి ఏమీ తెలియదు. కొంచెం కరెంటు నీ ఒంట్లోంచో, గీజరు ఒంట్లోంచో భూమిలోకి జారిపోయిందా, లెక్క తేడా వస్తుంది. ఆ తేడా 30 మిల్లీ యాంపియర్లకి చేరితే 0.3 సెకను లోపే మొత్తం కట్ చేయాలన్నది దాని ప్రమాణం. తేడా ఎక్కువైతే ఇంకా త్వరగా పడిపోతుంది. దాని మీద 'టెస్ట్' అని చిన్న బటన్ ఉంటుంది. నెలకోసారి నొక్కు. ఠక్కున పడిపోతే బాగుందని అర్థం, పడకపోతే మార్పించాలి. అది "మాటిమాటికీ పడిపోతోంది" అని తీయించేసే ఇళ్లు ఉన్నాయి. చాలావరకు అది ఊరికే పడదు తల్లీ, ఎక్కడో గీజరు కాయిల్ కారుతోంది, ఏదో తీగ తడిసింది, అది చెబుతోంది. ఒక్కో మిషనూ ప్లగ్గు తీస్తూ చూస్తే దొంగ దొరుకుతుంది. ఒక హద్దు కూడా చెప్పాలి. ఒక చేత్తో ఫేజు, ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకుంటే, కరెంటు భూమిలోకి పోలేదు కాబట్టి ఆర్‌సీసీబీకీ తెలియకపోవచ్చు. అందుకే అది ఉందని తీగలతో చెలగాటం వద్దు.

ఆర్‌సీసీబీ ఉంటే ఎర్తు అక్కర్లేదని కూడా అనుకోకు, రెండూ కావాలి. ఎర్తు కోసం ఇంటి పక్కన గుంత తీసి పైపు పాతి, చుట్టూ బొగ్గు, ఉప్పు వేసి కప్పెడతారు. మట్టి తేమగా ఉంటేనే కరెంటు సాఫీగా దిగుతుంది. ఎండాకాలం అది ఎండిపోతుంది, అప్పుడప్పుడు చెంబుడు నీళ్లు పొయ్యమనేది అందుకే. టైల్స్ వేసేటప్పుడు ఆ గుంతని కప్పేసిన ఇళ్లు ఎన్నో!

అపార్ట్‌మెంట్లో ఉన్నావు కాబట్టి ఇది కూడా విను. మూడు ఫేజులకీ కలిపి న్యూట్రల్ ఒక్కటే. అది ఎక్కడైనా తెగిందా, వదులైందా, రెండు ఫేజుల మధ్య ఉండే 400 వోల్టులు ఇళ్ల మధ్య అడ్డదిడ్డంగా పంచుకుపోతుంది. ఎక్కువ మిషన్లు నడుస్తున్న ఇంట్లో లైట్లు డల్లుగా అవుతాయి, పాపం ఒక్క టీవీ పెట్టుకుని కూర్చున్న ఇంట్లోకి వోల్టేజీ పొంగుతుంది. లైట్లు ఒక్కసారిగా కళ్లు చెదిరేలా వెలిగితే ఆలోచించకు, పరిగెత్తి మెయిన్ ఆఫ్ చెయ్. తర్వాతే పక్కింటి వదినని అడగడాలూ, లైన్‌మన్‌కి ఫోన్ చేయడాలూ.

ఫ్యాను ముచ్చట చెప్పకుండా వదలబుద్ధి కావట్లేదు. ఒక్క ఫేజు కరెంటుతో పుట్టే అయస్కాంత బలం ముందుకీ వెనక్కీ ఊగుతుందే తప్ప గుండ్రంగా తిరగదు. అందుకని ఫ్యానులో రెండు చుట్లు పెట్టి, ఒకదానికి కండెన్సర్ తగిలిస్తారు. కండెన్సర్ వల్ల ఆ చుట్టులోని ఊపు మొదటిదానికంటే కాస్త ముందు నడుస్తుంది. ముందూ వెనకా పడే ఆ రెండు ఊపులూ కలిసి గుండ్రంగా తిరిగే బలం తయారవుతుంది. ఫ్యాను గుర్రుమంటూ కదలకపోయినా, నత్తలా తిరిగినా, కర్రతో తోస్తే గానీ మొదలవకపోయినా చాలావరకు పోయింది కండెన్సరే. చాలా సీలింగు ఫ్యాన్లకి దాని మీద 2.5 అని రాసి ఉంటుంది. కొత్త ఫ్యాను కొనేముందు అది మార్పించి చూడు. మామూలు ఫ్యాను దాదాపు 75 వాట్లు తింటుంది. కొత్తగా వస్తున్న బీఎల్‌డీసీ ఫ్యాన్లు ఏసీని లోపలే డీసీగా మార్చుకుని 30 వాట్ల చుట్టుపక్కల సరిపెట్టుకుంటాయి.

2000 వాట్ల గీజరు దాదాపు 9 యాంపియర్లు లాగుతుంది. దాన్ని చిన్న 6 యాంపియర్ల సాకెట్టులో అడాప్టరు వేసి పెట్టకు. ప్లగ్గు వేడెక్కినా, రంగు మారినా, కాలిన వాసనొచ్చినా వాడటం ఆపెయ్.

దేవుడి దయవల్ల అవసరం రాకూడదు గానీ, ఇంట్లో ఎవరికైనా షాకు కొట్టి పట్టుకుపోతే, ముందు మెయిన్ ఆఫ్. వాళ్లని ముట్టుకోవద్దు. మెయిన్ అందకపోతే పొడి కర్రతోనో, ప్లాస్టిక్ కుర్చీతోనో, నువ్వు పొడి చాప మీద నిలబడి నెట్టు. ఊపిరి ఆడకపోతే 108కి ఫోన్ చేయించి, నువ్వు ఆలస్యం చేయకుండా ఛాతీ మధ్యలో రెండు చేతులూ ఒకదానిమీద ఒకటి పెట్టి నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కుతూ ఉండు. అంబులెన్సు వచ్చేదాకా ఆపకు. లేచి కూర్చున్నా సరే, ఒకసారి గుండె పరీక్ష చేయించాలి.

మీది అద్దె ఇల్లని నాకు తెలుసు. ఆర్‌సీసీబీ, ఎర్తింగూ ఓనరు పెట్టించాల్సినవి, అడగడానికి మొహమాటపడకు. వచ్చే నెల ఇల్లు మారుతున్నామన్నావుగా, అడ్వాన్సు ఇచ్చేముందు నీళ్లు ఎన్ని గంటలు వస్తాయని అడుగుతాం కదా, అప్పుడే మెయిన్ బోర్డు తలుపు తెరిపించు. టెస్ట్ బటన్ ఉందా, నొక్కితే పడుతోందా, ఎర్తు గుంత ఎక్కడుందో చూపించమను. చూపించలేకపోతే ఆ ఇల్లు వద్దులే, ఇంకోటి వెతుక్కుందాం, నేనూ వస్తాను.